తలుపు కాడ సగం పాట

రోహిణి కార్తెలో, తారు రోడ్డు చెప్పులకు అంటుకునే ఎండలో, స్వెట్టరు తొడుక్కుని మంకీ క్యాపు పెట్టుకుని టీ తాగే మనిషిని చూడాలంటే ఎడ్లపాడు దాటాక హైవే పక్కనున్న ఏసీ దగ్గరికి వెళ్ళాలి. ఏసీ అంటే మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ. అక్కడి జనం దాన్ని ఏసీ అనే అంటారు. ఆ మనిషి పేరు బక్కయ్య. పేరుకే బక్కయ్య, మనిషి మాత్రం రోలులా దిట్టంగా ఉంటాడు. పుట్టింది దుర్గిలో. వాళ్ళ నాన్న రాళ్ళు చెక్కేవాడు. ఈయనకు ఉలి పట్టు రాలేదు, బస్తాలు మొయ్యడం వచ్చింది. మోకాలు పోయేదాకా మోశాడు. పోయాక హమాలీ ముఠా వాళ్ళు ఆయన్ని ఇంటికి పంపడం ఇష్టంలేక ఛాంబరు తలుపు దగ్గర నిలబెట్టారు.

తలుపు దగ్గర పనంటే తీరుబడి పని అనుకుంటారు చూసేవాళ్ళు. బక్కయ్యను అడిగితే నవ్వుతాడు. బస్తా బరువు వీపు మీద ఉంటుంది, దించేస్తే పోతుంది. తలుపు బరువు అలా పోయేది కాదు.

ఛాంబరు లోపల చీకట్లో కట్టిన మేడలా ఉంటుంది. కిందనుంచి కప్పుదాకా చెక్క అంతస్తులు. ప్రతి అంతస్తులోనూ కిక్కిరిసి పేర్చిన టిక్కీలు. మిరపకాయలు కుక్కిన గోనె బస్తాను ఆ పక్క టిక్కీ అంటారు. వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడిస్తే తప్ప పట్టని సందులు. అక్కడొకటి ఇక్కడొకటి బల్బు, దాని చుట్టూ పొగలాంటి చలి. పైనుంచి అమ్మోనియా వాసన, కిందనుంచి మిరప ఘాటు. ముఠా వాళ్ళంతా ముక్కూ నోరూ తువ్వాలుతో కట్టుకునే పనిచేస్తారు. ఒకడు బీడీకి బయటికి పోతాడు, ఒకడు పక్క ఛాంబరులో చెయ్యి వెయ్యడానికి పోతాడు, ఇంకొకడు పై అంతస్తులో బస్తాల చాటున నడుం వాలుస్తాడు. తలలు లెక్కపెడదామంటే కుదరదు. పేరు పెట్టి పిలిస్తే తువ్వాలు లోపలినుంచి ఎవడో "ఆ" అంటాడు, ఆ "ఆ" ఎవడిదో తెలియదు. తలుపు చూస్తే జానెడు మందం. ఒకసారి పడిందంటే లోపల డప్పు కొట్టినా బయటికి రాదు. ఎక్కడో వేరే ఏసీలో ఒకడు ఇలాగే లోపలుండిపోయాడని చెప్పుకునేవాళ్ళు. బతికి బయటపడ్డాడు గానీ మళ్ళీ ఏసీ గడప తొక్కలేదట.

అందుకని పాత మేస్త్రి ఆరోగ్యస్వామి ఒక పద్ధతి పెట్టాడు. తలుపు వేసే ముందు తలుపు మనిషి గడప మీద నిలబడి చీకట్లోకి సగం పాట పాడాలి.

"మిరపమ్మా మిరపమ్మా, ఏ ఊరమ్మా నీది?"

లోపల ఎవడున్నా మిగతా సగం వాడు పాడాలి, తన ఊరు చేర్చి. పాట వస్తే మనిషి ఉన్నట్టు, తలుపు వెయ్యకూడదు. రాకపోతే వేసుకోవచ్చు. మాట గోనెల్లో ఇంకిపోతుంది గానీ రాగం తీస్తే ఏ మూలనుంచైనా కిందికొస్తుందని ఆరోగ్యస్వామి చెప్పేవాడు. ఆయన పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయినా పద్ధతి ఉండిపోయింది.

ఎవడి సగం వాడే కట్టుకున్నాడు. బెంజిమిన్‌ది "ఫిరంగిపురం మా ఊరు, పిడుగు నా పేరు." కోటిది "మాచవరం మా ఊరు, మంట నా పేరు." కోటి ఆ "మంట" దగ్గర గొంతు పైకి లేపి, అక్కడ కాసేపు ఆపి, మేకపిల్ల గంతేసినట్టు కిందికి దూకించేవాడు. ముఠాలో ఇంకెవరికీ ఆ విరుపు రాలేదు. చానామంది ప్రయత్నించి దగ్గు తెచ్చుకున్నారు.

బక్కయ్యకు ఆ సగం పాట పని కాదు, ఊపిరి. ఇంటికొచ్చినా ఆగేది కాదు. పొద్దున్నే కూరగాయల ఆటో మైకు అరిస్తే దాని రాగం పట్టుకునేవాడు, మధ్యలో ఆదివారం చర్చి పాట కలిసేది, స్నానం ముగిసేసరికి అది రామభజనలో తేలేది. బువ్వ తింటూ కూడా ముక్కుతో ఏదో ఒకటి లాగుతూనే ఉండేవాడు.

"ఏందయ్యో, తుమ్మెదని కట్టుకున్నట్టుంది నా బతుకు," అనేది భార్య గంగమ్మ. "కుక్కరు కూతేసిందో లేదో గూడా వినపడనీవు గదా!"

"కుక్కరుకి శ్రుతి లేదే. నాకుంది."

"ఉంటే ఉందిలే. నోట్లో ముద్ద ఉన్నప్పుడన్నా మూసుకో."

అలా నడిచే మనిషి బతుకులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం జరిగిందిది.

లారీ సరుకంతా లోపలికెక్కింది. ముఠా మొత్తం బయటికొచ్చి లారీ నీడన కూలబడింది. మజ్జిగ గ్లాసులు తిరుగుతున్నాయి. బక్కయ్య గడప మీద నిలబడి ఎప్పట్లాగే సగం పాట పాడాడు. పైనుంచి, బాగా పైనుంచి జవాబొచ్చింది.

"మాచవరం మా ఊరు, మంటా... నా పేరు."

ఆ విరుపు, ఆ దూకుడు. బక్కయ్య వెనక్కి తిరగకుండానే అన్నాడు, "దిగి రారా కోటిగా. మజ్జిగ అయిపోతంది."

"ఎవుర్ని బాబాయ్ పిలుస్తన్నావు?" వెనకనుంచి కోటి గొంతు. "నేను రెండో గ్లాసు తాగుతంటిని ఇక్కడ."

బక్కయ్య తిరిగి చూశాడు. కోటి లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. మూతికి మజ్జిగ మీగడ.

"ఒరేయ్, ఎగతాళా? ఫోనేమన్నా లోపల పెట్టి వచ్చావా?"

కోటి జేబులోంచి ఫోను తీసి ఊపాడు. ముఠా అంతా నవ్వింది. బెంజిమిన్ లేచి, "జాతరలో మాట్లాడే బొమ్మని తెచ్చి లోపల కూర్చోబెట్టాడేమో చూసొస్తా," అని లోపలికెళ్ళాడు. ఇంకో ఇద్దరు వెంట వెళ్ళారు. అంతస్తు అంతస్తూ చూసి వచ్చారు. టిక్కీలు తప్ప ఏమీ లేదు.

బక్కయ్య మళ్ళీ పాడాడు. ఈసారి అందరూ వింటుండగా జవాబొచ్చింది. కోటి నోరు మూసుకునే ఉన్నాడు. అందరూ వాడి నోటి వంకే చూస్తున్నారు. పాట ముగిసేదాకా ఆ పెదాలు కదల్లేదు. బెంజిమిన్ రొమ్ము మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఏసీ వ్యవహారం చూసుకునేది శశికాంత్. వాళ్ళ నాన్నకు నరసరావుపేటలో ఎరువుల కొట్టుంది, ఏసీ కొడుక్కి వదిలేశాడు. మంచి కుర్రాడే, హమాలీలను ఏకవచనంతో పిలిచినా గౌరవంగానే పిలుస్తాడు. తలుపు తెరిచి చానాసేపయిందని, లోపల చలి తగ్గుతోందని మీటరు చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది బక్కయ్యా, తలుపెయ్యవా? రైతుల సరుకు రంగు పోతే నన్ను కోర్టుకు లాగుతారు."

"జవాబొచ్చింది బాబు. జవాబొస్తే వెయ్యకూడదు."

"అందరూ బయటే ఉన్నారుగా?"

"ఉన్నారు."

"మరి?"

"అయినా వచ్చింది."

శశికాంత్ ఒక్క నిమిషం చీకట్లోకి చూశాడు. తర్వాత తనే తలుపు పట్టుకుని లాగాడు. బక్కయ్య అడ్డు రాబోయి ఆగాడు. ఎవరున్నారని అడ్డుపడాలి? గొళ్ళెం పడింది. గొళ్ళెం పడగానే కోటి చేప ముల్లు దిగినవాడిలా గొంతు పట్టుకున్నాడు.

"ఏందిరా?"

"ఏం లా బాబాయ్. పొలమారింది."

మర్నాడు తెలిసింది. లోపల పని అయ్యాక బక్కయ్య సగం పాట ఎత్తుకున్నాడు. కోటి ఇంకా లోపలే ఉన్నాడు. వాడు నోరు తెరిచి, "మాచవరం. మా ఊరు. మంట. నా పేరు," అన్నాడు. బస్సు బోర్డు చదివినట్టుంది. రాగమన్నది లేదు.

"ఏరా, తాసిల్దారు కాడ పేరు చెప్పుకుంటన్నావా?" అని ఎవరో కిందనుంచి ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి ముగియకముందే కోటి తల మీదనుంచి, పై అంతస్తులోనుంచి, అదే మాట రాగంతో వచ్చింది. విరుపుతో, మేకపిల్ల దూకుడుతో. కోటి చేతిలోని కొక్కెం అక్కడే పారేసి గడప దాటేదాకా ఆగలేదు.

తర్వాత వాడు బయట కూర్చుని చానా ప్రయత్నించాడు. మాట బాగానే వస్తోంది. కూనిరాగం తీద్దామంటే మాత్రం గొంతులో ఉండాల్సినదేదో ఉండాల్సిన చోట లేదు. "మెట్టు ఉందనుకుని కాలేస్తే లేనట్టుంది బాబాయ్," అన్నాడు. అని నవ్వబోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజునుంచి ఆ ఛాంబరంటే ముఠా అంతా వెనకాడింది.

ఒక సాయంత్రం కోటి భార్య శిరీష చంటిపిల్లను చంకనేసుకుని బక్కయ్య ఇంటికొచ్చింది. రెండు వీధుల అవతలే వాళ్ళిల్లు. పిల్ల ఏడుస్తోంది గానీ ఏడుపు పెద్దగా వినపడటం లేదు. గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. కళ్ళు మాత్రం ఇంతింత చేసుకుని చూస్తోంది.

"మావయ్యా, ఇది కన్ను ముయ్యట్లా," అంది శిరీష, గడపలోనే నిలబడి. "కడుపులో ఉన్నప్పటినుంచీ ఆయన పాట విని పెరిగింది. ఫోన్లో జోల పెడితే ఫోనుని చూస్తంది గానీ నిద్రపోదు. నేను పాడితే నన్ను గీరుద్ది. నిన్న మా డాక్టరమ్మ కాడికి పోయా, పిల్లకేం లేదంది. ఏం లేకపోతే నిద్ర ఏదీ?"

"లోపలికి రా అమ్మాయ్. కూర్చో," అంది గంగమ్మ.

"కూర్చోను అత్తయ్యా, కూర్చుంటే నేనే నిద్రపోతా. ఆయన పాట మీ తలుపు కాడ పోయిందంట గదా మావయ్యా? అది ఎట్టా పోయిందో నాకొద్దు. తెచ్చిపెట్టండి."

బక్కయ్య పిల్లను ఎత్తుకుని తనకొచ్చిన రాగం తీశాడు. పిల్ల ఏడుపు ఆపి కాసేపు విన్నది. మెడ చాచి ఆయన నోటి వెనక ఎవరో ఉన్నట్టు వెతికింది. లేరని తెలిశాక మళ్ళీ మొదలెట్టింది.

వాళ్ళు వెళ్ళాక గంగమ్మ మొగుడి మొహం చూసింది. "వొద్దు," అంది.

"నేనేం అన్లా."

"అనకముందే చెబుతున్నా. మోకాలు సరిగా లేని మనిషివి, ఆ మెట్లెక్కి ఏం తెస్తావు? అదేమన్నా మర్చిపోయిన టవలా?"

"నా తలుపు కాడే గదే మూసుకుంది. జవాబొచ్చినాక కూడా మూశాం."

"మూసింది నువ్వా? ఆ శశికాంతు."

"నేను నిలబడి చూశాగా."

గంగమ్మ గిన్నెలు గట్టిగా కడిగింది ఆ రోజు.

మర్నాడు పొద్దున బక్కయ్య ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. ఛాంబరు కాసేపు తెరిచి ఉంచాలని, తనొక్కడే లోపలికి పోతానని చెప్పాడు. శశికాంత్ ఎందుకని అడగలేదు.

"ఆ రోజు పరుగెత్తుకొస్తుంటే నాక్కూడా వినపడింది బక్కయ్యా."

"మరి తెలిసీ ఎందుకేశారు బాబు?"

"వినపడింది కాబట్టే." శశికాంత్ తాళాలు టేబులు మీద పెట్టి బక్కయ్య వైపు జరిపాడు. "వెళ్ళిరా. ఎంతసేపైనా ఉండు. మీటరు సంగతి నేను చూసుకుంటా."

ఎండ నడినెత్తికొచ్చిన వేళ బెంజిమిన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కోటిని దూరంగా, లారీ దగ్గర కూర్చోబెట్టారు. బక్కయ్య తువ్వాలు మూతికి కట్టుకోకుండా మెడలోనే వేసుకుని లోపలికి అడుగేశాడు. చలి ముందు చెవులకు తగిలింది. రెండో బల్బు దాటేసరికి వెనకనున్న ఎండ అగ్గిపుల్లంత అయింది.

"మిరపమ్మా మిరపమ్మా, ఏ ఊరమ్మా నీది?"

పైనుంచి వచ్చింది. "మాచవరం మా ఊరు..."

ఒక్కో మెట్టుకు ఒక్కో చెయ్యి ఆనించి మోకాలు ఈడ్చుకుంటూ ఎక్కాడు. మొదటి అంతస్తులో పాడాడు. జవాబు ఇంకో అంతస్తు పైనుంచి వచ్చింది. అక్కడికెళ్ళి పాడాడు. ఇంకా పైనుంచి వచ్చింది. చివరికి కప్పు తలకు తగిలే చోటికి చేరాడు. ఇంక పైన ఏమీ లేదు. పాడాడు. ఈసారి జవాబు పక్కనుంచి వచ్చింది. గోడకూ చివరి వరస టిక్కీలకూ మధ్యనుంచి, తన నోటి ఎత్తులో. ఆ సందులో అరచెయ్యి కూడా పట్టదు. పాట వస్తున్నంతసేపూ టిక్కీ మూతి కుట్టిన పురికొస కొస వణికింది. పాట ఆగగానే అదీ ఆగింది.

బక్కయ్య మామూలుగా మాట్లాడాడు. "ఒరేయ్, పిల్ల నిద్రపోవట్లా. రా పోదాం."

ఏ చప్పుడూ లేదు. దానికి మాట అక్కర్లేదు. పాటే కావాలి. పాటలో ఉన్నదల్లా ఒక ప్రశ్న, ఒక జవాబు. ఎవరు, ఎక్కడున్నావు, అంతే. బయటికి రమ్మనే ముక్క ఆరోగ్యస్వామి కట్టలేదు, ఇంకెవరూ కట్టలేదు. దిగి వచ్చేవాడు తన కాళ్ళ మీద తనే దిగి వస్తాడు గదా, రమ్మని పాడే అవసరం ఎవరికి పడింది?

చలికి వేళ్ళు మొద్దుబారుతున్నాయి. టిక్కీకి ఆనుకుని నిలబడ్డాడు. బరువుతో నిలబడిపోయిన మనిషిని ముఠాలో ఎలా విడిపిస్తారో ఆయనకు తెలుసు. దారి మధ్యలో ఒకడికి కాళ్ళు సాగకపోతే బస్తాను కింద పడెయ్యరు. ఇంకొకడు వెళ్ళి దాని కింద తన భుజం పెడతాడు. భుజం మారిందని మొదటివాడికి తెలిశాకే వాడు పక్కకు తప్పుకుంటాడు. బక్కయ్య వయసులో ఉండగా ఎందరికో భుజం మార్చాడు. ఎందరో ఆయనకు మార్చారు.

పాట మాత్రం వేరేనా అనుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డనాటినుంచీ ఆయన అడిగేవాడే గానీ జవాబు చెప్పేవాడు కాదు. తనకూ ఒక సగం ఉందని మర్చిపోయి చానా కాలమైంది. గోడ వైపు మొహం పెట్టి పాడాడు.

"దుర్గి మా ఊరు, రాయి నా పేరు."

పురికొస ఒకసారి ఊగింది. ఆయన స్వెట్టరు చేతిని ఏదో రాసుకుంటూ పోయింది, ఇరుకు సందులో మనిషి మనిషిని తప్పించుకుని పోయినట్టు. చెక్కమెట్టు కిర్రుమంది. ఆ కింది మెట్టు. దాని కింది మెట్టు. దిగే కాళ్ళేవీ లేవు.

బక్కయ్య ఆ చప్పుడు వెనకే దిగాడు. గడప దగ్గర బెంజిమిన్ గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. "అన్నా, నీకంటే ముందు ఎవురొచ్చింది?" అన్నాడు. బక్కయ్య జవాబు చెప్పకముందే లారీ దగ్గర కోటి గట్టిగా దగ్గాడు. మిరప ఘాటు కొట్టినట్టు వంగిపోయి దగ్గాడు. దగ్గు ఆగాక వాడికి తెలియకుండానే కూనిరాగం తీశాడు. తీసి, బిత్తరపోయి, మళ్ళీ తీశాడు. "బాబాయ్! వచ్చింది బాబాయ్!" అని పరుగెత్తుకొచ్చి బక్కయ్య నడుం పట్టుకుని ఎత్తినంత పని చేశాడు.

"దించరా, మోకాలు," అన్నాడు బక్కయ్య. నవ్వుతున్నాడు గానీ చెయ్యి గొంతు మీద ఉంది. మెట్లు దిగేటప్పుడు అలవాటు కొద్దీ రాగం తియ్యబోయాడు. ఏమీ రాలేదు. అప్పుడే అర్థమైంది ఆయనకు.

"బెంజిమిన్, తలుపెయ్యాల. నువ్వు పాడు," అన్నాడు.

"నువ్వుండగా నేనెందుకన్నా?"

"పాడరా."

బెంజిమిన్ గడప మీద నిలబడి పాడాడు. "మిరపమ్మా మిరపమ్మా, ఏ ఊరమ్మా నీది?"

పైనుంచి, చీకట్లోంచి, ముఠా మొత్తం రోజూ వినే గొంతుతో, ఎన్నడూ వినని మాట వచ్చింది.

"దుర్గి మా ఊరు, రాయి నా పేరు."

అందరూ బక్కయ్య వైపు తిరిగారు. ఆయన పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. కోటి లేచాడు. చెప్పులు విడిచి గడప మీద కాలుపెట్టాడు. "నేను పోయి తెస్తా. ఎట్టా తెచ్చావో చెప్పు బాబాయ్."

బక్కయ్య వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"పోతే నీది ఉండిపోద్ది. మళ్ళీ నీ కోసం ఇంకోడు పోవాల, వాడి కోసం ఇంకోడు. ఎక్కడ ఆగుద్దిరా ఇది? నీకు పిల్లుంది. దానికి నీ పాట కావాల. నా పాట ఎవురికి? మా ఆవిడ ఎప్పుడు ఆపుతావా అని చూస్తంది."

"అట్టా కాదు బాబాయ్..."

"అట్టానే."

శశికాంత్ వచ్చి నిలబడి ఉన్నాడు. ఈసారి అతని చెయ్యి తలుపు దాకా వెళ్ళలేదు. బక్కయ్యే పట్టుకుని లాగాడు. గొళ్ళెం పడేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. అంతే.

ఆ సాయంత్రం కోటి పిల్ల తండ్రి భుజం మీద పడి మర్నాడు పొద్దెక్కేదాకా నిద్రపోయిందట. శిరీష సున్నుండలు చేసి పంపింది.

బక్కయ్య ఇప్పటికీ తలుపు దగ్గరే ఉన్నాడు. మాట బాగానే ఉంది, తిండి బాగానే ఉంది. సగం పాట మాత్రం వంతులవారీగా ముఠాలో ఎవరో ఒకరు పాడతారు. పద్ధతి కొంచెం మారింది. దుర్గి ఒక్కటే పలికితే తలుపు వేసుకోవచ్చు. ఇంకే ఊరు పలికినా వెయ్యకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఈ సంగతి చెబుతారు. వాళ్ళు నవ్వుతారు. సాయంత్రానికి నవ్వు మానేస్తారు. కొందరు మర్నాడు రారు.

ఇంట్లో పరిస్థితి వేరు. కుక్కరు కూత ఇప్పుడు శుభ్రంగా వినపడుతుంది. కూరగాయల ఆటో వచ్చి వెళ్ళిపోతుంది, దాని రాగం ఆ ఇంటి గడపలోనే ఆగిపోతుంది. బక్కయ్య స్నానం చేస్తుంటే నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. మొదట్లో గంగమ్మకు అది హాయిగానే ఉంది. కొన్నాళ్ళకు బాత్రూము తలుపు కొట్టడం మొదలెట్టింది.

"ఏందయ్యో, ఉన్నావా?"

"ఉన్నానే."

"ఊరికే అడిగాలే."

కాసేపాగి మళ్ళీ కొట్టేది.

ఒక రోజు ఆమె అన్నం క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కి ఏసీ దగ్గరికొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. సరుకెక్కించి తలుపు వెయ్యబోతున్న సమయం. ముఠా అంతా లేచి నిలబడింది. కోటి ఎదురెళ్ళి, "ఏంది పిన్నీ, ఎండలో?" అన్నాడు. ఆమె ఆగలేదు. స్టూలు మీద కూర్చున్న మొగుణ్ణి దాటి నేరుగా గడప దగ్గరికెళ్ళింది. లోపలినుంచి చలి వచ్చి చీర కుచ్చిళ్ళు కదిలించింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఎట్టా పాడాలిరా దాన్ని?" అంది కోటితో.

కోటి బక్కయ్య వైపు చూశాడు. బక్కయ్య చెప్పమన్నట్టు తలూపాడు. కోటి చెవిలో చెప్పినట్టు చెప్పాడు. గంగమ్మకు పాట రాదు. గొంతు గీసుకుపోతూ, తప్పుగా, గట్టిగా పాడింది.

"మిరపమ్మా మిరపమ్మా, ఏ ఊరమ్మా నీది?"

"దుర్గి మా ఊరు, రాయి నా పేరు."

గంగమ్మ కదలకుండా విన్నది. ఆఖరి అక్షరం పోయేదాకా విన్నది. మళ్ళీ పాడింది, మళ్ళీ విన్నది. తర్వాత గడప మీద ఇంకాస్త ముందుకు వంగి, మామూలు గొంతుతో అడిగింది.

"అన్నం తిన్నావా?"

చీకట్లో ఏమీ లేదు. చలి మిషన్లు గుర్రుమంటున్నాయి. ఆమె చానాసేపు ఎదురుచూసింది.

"దానికి మాట వినపడదే," అన్నాడు బక్కయ్య స్టూలు మీదనుంచి.

గంగమ్మ వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. ఏదో కొత్త మనిషిని పోల్చుకుంటున్నట్టు చూసింది. వచ్చి ఆయన ఎదురుగా కింద కూర్చుని క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పింది. గోంగూర పప్పు వాసన వచ్చింది.

"మరి నీకు వినపడుద్దా? నువ్వు తింటావా?"

"తింటా."

"అయితే తిను." ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టి, వెనక్కి తిరక్కుండానే కోటితో అంది, "ఒరేయ్, తలుపెయ్యరా. చలి పోతంది."